అడగండి, చెబుతాం: చంకలో మండని డియోడరెంట్

ఇంట్లో డియోడరెంట్ చేసుకోవడం మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. సున్నితమైన చర్మం ఉన్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన జవాబులివి. మామూలు చర్మం ఓర్చుకునేవన్నీ వాళ్ళకి పడవు. అందుకే కొన్నిచోట్ల వద్దని తెగేసి చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: కొబ్బరి నూనె, వంటసోడా, కార్న్‌ఫ్లోర్ సమానంగా కలిపి డియోడరెంట్ చేసుకున్నాను. మొదటి వారం వాసనే లేదు. రెండో వారం ఎర్రబడి దురద మొదలైంది. ఇప్పుడు చర్మం నల్లబడి పొట్టు లేస్తోంది. అన్నీ సహజమైన సరుకులే కదా, ఎందుకిలా అయింది?

జవాబు: వంటసోడా వల్ల. అది సహజమైనదా కాదా అన్నది మీ చర్మానికి పట్టదు, క్షారమా ఆమ్లమా అన్నదే పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ అంకెల్లో అది సుమారు 4.5 నుంచి 5.5. చంకల్లో ఇంకాస్త ఎక్కువ. వంటసోడా కలిపిన నీటి పీహెచ్ 8.3 దాకా ఉంటుంది. పీహెచ్‌లో ఒక్క అంకె పెరిగిందంటే ఆమ్లగుణం పదో వంతుకు పడిపోయినట్టు. కాబట్టి 5కీ 8కీ మధ్య తేడా మూడు కాదు, వెయ్యి రెట్లు. చర్మకణాలను పట్టి ఉంచే కొవ్వులు సరిగా తయారవ్వాలంటే ఆ ఆమ్లగుణం కావాలి. రోజూ క్షారం తగులుతుంటే ఆ కొవ్వులు తరిగి, లోపలి తడి బయటికి పోతుంది, బయటి చెమటలోని ఉప్పు లోపలికి దిగి మండుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు, కొద్దికొద్దిగా పోగవుతుంది. మీకు మొదటి వారం బాగుండి రెండో వారం తేడా కొట్టడానికి కారణం అదే.

మరో ఇబ్బంది ఉంది. చిటికెడు వంటసోడా వేళ్ళ మధ్య నలిపి చూడండి, సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది. అది నూనెలో కరగదు. చెమట తగిలి కరిగేదాకా చంకలో ఆ ఇసుక అలాగే ఉండి, చేయి ఊపినప్పుడల్లా రాసుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది: ఆ డబ్బా పక్కన పెట్టేయండి. రెండు వారాలపాటు చంకలకు ఏ డియోడరెంటూ వద్దు, షేవింగ్ వద్దు. రోజుకోసారి గోరువెచ్చటి నీళ్ళతో, గాఢత తక్కువున్న, సువాసన లేని క్లెన్సర్‌తో కడిగి, రుద్దకుండా తువ్వాలుతో అద్దండి. వాసన లేని పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, వదులైన నూలు బట్టలు వేసుకోండి. నలుపు పోవడానికి నెలలు పట్టవచ్చు, తొందరపడి దాన్ని గీకొద్దు, బ్లీచ్ చేయొద్దు. పగుళ్ళనుంచి రసి కారుతున్నా, నొప్పి పెరుగుతున్నా చర్మవైద్యులకు చూపించాలి.

ప్రశ్న: సోడా లేకుండా వాసన ఆగేలా చేసుకోవడం ఎలా? దయచేసి కచ్చితమైన కొలతలు ఇవ్వండి. 'కొంచెం', 'సరిపడా' అంటే మాకు కుదరడం లేదు.

జవాబు: ఇస్తాం. ఒక్క సంగతి ముందు చెప్పనివ్వండి, లేకపోతే ఏ సరుకు ఎందుకు వేస్తున్నామో అర్థం కాదు. అప్పుడే పుట్టిన చెమటకు వాసన ఉండదనే చెప్పాలి. చంకల్లో ఒకరకం గ్రంథులు ఒంటిని చల్లబరచడానికి ఉప్పునీరు వదులుతాయి. ఇంకోరకం గ్రంథులు యుక్తవయసులో పని మొదలుపెట్టి, కొవ్వూ ప్రొటీనూ కలిసిన కాస్త చిక్కటి ద్రవం వదులుతాయి. చర్మం మీదుండే కొరినీబ్యాక్టీరియం, స్టెఫైలోకాకస్ హోమినిస్ వంటి బ్యాక్టీరియా ఆ ద్రవంలోని పదార్థాలను విరగ్గొట్టినప్పుడు ఘాటైన ఆమ్లాలు, గంధకం ఉన్న పదార్థాలు పుడతాయి. ముక్కు పట్టేది వాటినే. డియోడరెంట్ ఈ బ్యాక్టీరియాను అదుపు చేయాలి, పుట్టిన ఆమ్లాలను విరిచేయాలి, తడిని కొంత పీల్చాలి. చెమటను ఆపడం దాని పని కాదు. ఇంట్లో చేసినదేదీ చెమటను ఆపదు కూడా.

100 గ్రాముల మెత్తటి క్రీముకు 30 గ్రాముల కొబ్బరి నూనె, 30 గ్రాముల షియా బటర్, 5 గ్రాముల తేనెమైనం తీసుకోండి. ఇవి కరిగేవి. పొడుల్లో పాలగుండ (యారోరూట్ పొడి, దొరక్కపోతే కార్న్‌ఫ్లోర్) 22 గ్రాములు, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ 8 గ్రాములు, జింక్ ఆక్సైడ్ 5 గ్రాములు. పాలగుండ తడి పీలుస్తుంది, మెగ్నీషియం ఆమ్లాలను విరుస్తుంది, జింక్ బ్యాక్టీరియాను తగ్గిస్తూ చర్మానికి ఊరటనిస్తుంది. పసిపిల్లలకు డైపర్ ఒరుపుకి రాసే క్రీముల్లో ఉండేది ఈ జింక్ ఆక్సైడే. మెగ్నీషియం, జింక్ రెండూ సౌందర్య సాధనాల తయారీకో మందులకో వాడే నాణ్యతవే కొనండి. రంగుల పరిశ్రమకు అమ్మే జింక్ ఆక్సైడ్ ఎంత చవకైనా వద్దు.

చెంచాలతో కొలవకండి. జింక్ ఆక్సైడ్ దూదిలా తేలిగ్గా ఉంటుంది, అదిమితే సగానికి దిగుతుంది. ఒకే చెంచాలో ఒకసారి పట్టినంత మరోసారి పట్టదు. ఒక గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు.

గిన్నెలు, గరిటె, డబ్బా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. పొడులు మూడూ కలిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని, సన్నటి జల్లెడలో రెండుసార్లు జల్లించి పక్కన పెట్టుకోండి. ఒక గిన్నెలో నీళ్ళు వేడిచేసి, మరిగేముందు మంట తగ్గించి, దానిమీద చిన్న స్టీలు గిన్నె పెట్టి అందులో తేనెమైనం వేయండి. అది 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పూర్తిగా కరిగాక షియా, ఆ తర్వాత కొబ్బరి నూనె వేయండి. చల్లటి నూనె ఒక్కసారిగా పోస్తే మైనం తెల్లటి పలుకులై తేలుతుంది. కంగారు పడక్కర్లేదు, మళ్ళీ అంతా పారదర్శకంగా అయ్యేదాకా ఉంచండి. ఆవిరి నీళ్ళు గిన్నెలో పడకుండా మాత్రం చూసుకోండి.

దించి, 55 డిగ్రీలకు వచ్చాక పొడులు మూడు విడతలుగా వేస్తూ కలపండి. ఇక్కడినుంచి చేయి ఆగకూడదు. మొదట పాలలా పలచగా ఉంటుంది. కాసేపటికి గరిటె వెనక దారి కనిపించి, మెల్లగా పూడుకుంటుంది. ఆ దారి రెండు మూడు సెకన్లు నిలిచిందంటే సుమారు 45 డిగ్రీలకు దిగిందన్నమాట, అప్పుడు డబ్బాలో పోయండి. వెంటనే ఫ్రిజ్‌లో 20 నిమిషాలు పెట్టండి. తర్వాత మామూలు గది వేడిలో ఒకరోజు ఉంచి వాడకం మొదలుపెట్టండి.

వాడే తీరు కూడా కొలతే. స్నానం చేసి చంకలు పూర్తిగా ఆరాక, ఒక్కో చంకకు బఠానీ గింజలో సగమంత తీసుకుని, వేళ్ళ మధ్య కరిగించి, తెల్లదనం పోయేదాకా పలచగా రాయండి. ఎక్కువ రాస్తే ఎక్కువసేపు పనిచేయదు. ఉండలు కట్టి బట్టలకు అంటుతుంది, అంతే. షేవ్ చేసిన రోజు రాయొద్దు, కనీసం 24 గంటలు ఆగండి.

అన్నిటికంటే ముందు పరీక్ష. మోచేతి మడత దగ్గర నాణెం సైజులో రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాయండి. ఒక్కరోజు రాసి ఏమీ కాలేదని వదిలేస్తే లాభం లేదు, అలర్జీ అయితే తేలడానికి రోజులు పడుతుంది. ఆ వారం గడిచాక ఒక చంకకే ఇంకో వారం రాయండి. రెండో చంక ఊరికే ఉంటుంది కాబట్టి ఎరుపో దురదో వస్తే దేనివల్లో సందేహం ఉండదు.

ప్రశ్న: మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పీహెచ్ 10 దాటుతుందని చదివాను. అంటే సోడాను మించిన క్షారం. దాన్ని తీసేసి దీన్ని వేయమంటారేమిటి?

జవాబు: మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే తికమకపడతారు. పీహెచ్ సంగతి మీరు చెప్పింది నిజమే. చూడాల్సింది అది ఎంత కరుగుతుందన్నది కూడా. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో వంటసోడా 96 గ్రాముల దాకా కరుగుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ సుమారు 10 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో వందో వంతు. చంకలో చెమట చుక్క పడగానే సోడా గబుక్కున కరిగి మొత్తం క్షారం ఒకేసారి చర్మానికి తగులుతుంది. మెగ్నీషియం కరిగేది పిసరంత. ఆ పిసరు బ్యాక్టీరియా వదిలిన ఆమ్లాన్ని విరుస్తూ ఖర్చయ్యాక ఇంకో పిసరు కరుగుతుంది. చర్మం తన ఆమ్లగుణంతో ఆ కొద్దిపాటి క్షారాన్ని తట్టుకోగలదు.

అందరికీ పడుతుందని మాత్రం హామీ ఇవ్వం. పై పరీక్షలో దానికీ దురద వస్తే, మెగ్నీషియం పూర్తిగా మానేసి జింక్ ఆక్సైడ్‌ను 5 నుంచి 10 గ్రాములకు, పాలగుండను 25కు పెంచండి. వాసన మీద పట్టు కొంచెం తగ్గుతుంది. మధ్యాహ్నం ఒకసారి తుడుచుకుని మళ్ళీ రాసుకోవాల్సి రావచ్చు.

ప్రశ్న: మొదట నున్నగా వచ్చింది. వారానికి రవ్వ రవ్వగా అయింది. ఎండాకాలం డబ్బాలో నూనె పైకి తేలి పొడి అడుక్కి చేరింది. సరుకు పాడైనట్టేనా?

జవాబు: పాడవలేదు. రెండిటికీ కారణాలు వేరు.

రవ్వ షియా బటర్ చేసిన పని. అందులో రకరకాల కొవ్వులుంటాయి, అన్నీ ఒకే వేడి దగ్గర గడ్డకట్టవు. నెమ్మదిగా చల్లారితే ముందు గట్టిపడేవి ఒకచోట చేరి చిన్న చిన్న గింజలవుతాయి. ఫ్రిజ్‌లో గబగబా చల్లార్చమన్నది అందుకే. ఇప్పుడు డబ్బాలో ఉన్నదంతా మళ్ళీ వేడినీళ్ళ గిన్నెమీద 70 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి, కలుపుతూ దించి, గిన్నెను ఐసు నీళ్ళలో నిలబెట్టి చిక్కబడేదాకా కలపండి. పిండి ఉడికి గంజవుతుందేమోనని భయపడొద్దు. నీరు లేనిచోట పిండి ఉడకదు.

నూనె తేలడానికి కారణం కొబ్బరి నూనె. అది 24 డిగ్రీలకే కరిగిపోతుంది. ఎండాకాలం గదిలో అంతకంటే వేడి ఉంటే డబ్బాలో నూనె నిలవదు. ఆ కాలానికి కొబ్బరి నూనె 27 గ్రాములకు తగ్గించి, తేనెమైనం 8 గ్రాములు చేయండి. కారులో, కిటికీ దగ్గర డబ్బా పెట్టకండి. ఒకసారి విడిపోయినదాన్ని గరిటెతో తిప్పి అలాగే వాడేస్తే పైభాగంలో ఉత్త నూనె, అడుగున పొడిముద్ద మిగులుతాయి. కరిగించి కలపాల్సిందే.

ప్రశ్న: వేలితో రాసుకోవడం ఇష్టం లేదు. తిప్పితే పైకి వచ్చే స్టిక్‌లా చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. కొబ్బరి నూనె 25, షియా 26, తేనెమైనం 14 గ్రాములు. పొడులు పైన చెప్పిన 35 గ్రాములే. గొట్టంలో పోసేటప్పుడు మరీ చిక్కబడనివ్వకండి, మధ్యలో గాలి బుడగ మిగిలి స్టిక్ సగంలో విరుగుతుంది. పోశాక గొట్టాన్ని బల్లమీద రెండుమూడుసార్లు తట్టండి. తేనెమైనం పడనివాళ్ళు క్యాండెలిల్లా మైనం వాడుకోవచ్చు. అది ఇంకా గట్టిది, మూడింట రెండొంతులు వేస్తే సరిపోతుంది.

అయినా సున్నిత చర్మానికి మా ఓటు డబ్బాలోని క్రీముకే. స్టిక్ గట్టిగా ఉంటే చర్మాన్ని లాగుతుంది, మెత్తగా ఉంటే విరుగుతుంది.

ప్రశ్న: వాసన కోసం లావెండర్, టీ ట్రీ నూనెలు ఎన్ని చుక్కలు వేయాలి? టీ ట్రీ బ్యాక్టీరియాను చంపుతుందంటారు కదా.

జవాబు: చంపుతుంది. చర్మం సున్నితమైతే మాత్రం ఒక్క చుక్క కూడా వద్దనే మా సలహా. చంక మూసి ఉండే చోటు, ఎప్పుడూ చెమ్మ, ఎప్పుడూ రాపిడి. అక్కడ రాసింది చేతిమీద రాసినదానికంటే బాగా లోపలికి దిగుతుంది. లావెండర్‌లోని లినలూల్, నిమ్మజాతి నూనెల్లోని లిమొనీన్ గాలి తగిలి మారినకొద్దీ అలర్జీ పుట్టించే గుణం పెరుగుతుంది. టీ ట్రీ నూనె కూడా పాతబడేకొద్దీ అంతే. నెలల తరబడి మూత తీస్తూ పెడుతూ ఉన్న సీసాలోది మరీ ప్రమాదం. లవంగ, దాల్చిన చెక్క నూనెల పేరెత్తొద్దు. బెర్గమాట్ నూనె రాసిన చోట ఎండ తగిలితే చర్మం కాలి మచ్చ పడుతుంది.

మంటైతే మానేస్తే తగ్గుతుంది. అలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, తర్వాత ఏ సబ్బులో, ఏ షాంపూలో ఆ పదార్థం ఉన్నా దద్దు లేస్తుంది. చంకలో కాస్త సువాసన కోసం అంత మూల్యం చెల్లించాలా? సెంటు మీద మోజుంటే బట్టలమీద చల్లుకోండి.

ప్రశ్న: పటిక రాస్తే అల్యూమినియం లేని సహజ డియోడరెంట్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. పటిక అంటేనే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్, అందులో అల్యూమినియం లేదనడం కుదరదు. అయితే చెమట ఆపే ఉత్పత్తుల్లో వాడే అల్యూమినియం లవణాలు చెమట గ్రంథుల నోటిదగ్గర బిరడాలా అడ్డుపడతాయి. పటిక అంతపని చేయదు. దాని ద్రావణం ఆమ్లం, అక్కడ బ్యాక్టీరియా పెరగడం కష్టం. అందుకే వాసన తగ్గుతుంది. చాలామందికి పడుతుంది కూడా.

గడ్డను తడిపి రెండుసార్లు నిమిరి, ఆరనివ్వండి. అంచులు గరుకుగా ఉంటే చర్మం గీరుకుపోతుంది, ముందు నీళ్ళలో తిప్పి నున్నగా చేసుకోండి. గీతలు, షేవింగ్ గాట్లు ఉంటే భగ్గుమంటుంది. అల్యూమినియానికీ రొమ్ము క్యాన్సర్‌కూ స్పష్టమైన సంబంధం ఇప్పటివరకు పరిశోధనల్లో తేలలేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళు మాత్రం అల్యూమినియం ఉన్నవి వాడేముందు వైద్యుణ్ణి అడగాలి.

ప్రశ్న: నిమ్మరసం, వెనిగర్?

జవాబు: నిమ్మరసం పీహెచ్ సుమారు 2. సోడా ఒకవైపు లాగితే ఇది ఇంకోవైపు లాగుతుంది. పైగా నిమ్మరసం తగిలిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, వాటి వెనకే నల్ల మచ్చలు వచ్చే అవకాశముంది. వెనిగర్ నేరుగా రాసి చర్మం కాల్చుకున్నవాళ్ళూ ఉన్నారు. రెండూ వద్దు.

ప్రశ్న: నూనె జిడ్డు పడదు. కలబంద గుజ్జు, గులాబీ నీళ్ళు కలిపి స్ప్రే చేసుకున్నాను. పది రోజులకు సీసా అడుగున నల్లటి దారాల్లాంటివి కనిపించాయి.

జవాబు: బూజు. పారేయండి, సీసాతో సహా. వడగట్టి వాడదామనుకోవద్దు, కంటికి కనపడేది దారాలే, కనపడనిది నీళ్ళనిండా ఉంటుంది. మొదట ఇచ్చిన క్రీములో నీరు లేదు, అందుకే నిల్వకారి (ప్రిజర్వేటివ్) అక్కర్లేదు. తడి వేళ్ళు పెట్టకుండా, ఎండ తగలకుండా ఉంచితే ఆరునెలలు వస్తుంది. నీరున్న ఏ తయారీకైనా నిల్వకారి తప్పనిసరి. విటమిన్ ఇ వేస్తే చాలని చాలాచోట్ల రాస్తుంటారు, అది నూనె కంపు కొట్టకుండా ఆపుతుందే కాని బ్యాక్టీరియానూ బూజునూ ఆపదు.

జిడ్డు వద్దనుకుంటే పొడిగా చేసుకోండి. పాలగుండ 80 గ్రాములు, జింక్ ఆక్సైడ్ 12, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ 8 జల్లించి, మూతపెట్టిన డబ్బాలో ఉంచి, మెత్తటి పఫ్‌తో అద్దుకోండి. మొహం దగ్గర దులపకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు.

ప్రశ్న: చెమట ఆపే స్టిక్ మానేసి ఇంటి క్రీముకి మారాను. ముందుకంటే ఎక్కువ చెమట, ఎక్కువ వాసన. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయని, మట్టి పట్టు వేసుకోమని చెప్పారు.

జవాబు: విషాలేమీ పోవడం లేదు. ఒంట్లోని వ్యర్థాలను తీసేది కాలేయం, మూత్రపిండాలు, చంకలు కాదు. ఇన్నాళ్ళూ గ్రంథుల నోళ్ళకున్న బిరడాలు కొద్దిరోజుల్లో ఊడిపోయి, మీ అసలు చెమట మీకు మళ్ళీ కనిపిస్తోంది, అంతే. ముందుకంటే ఎక్కువనిపించడం పోలిక వల్ల. మట్టి పట్టు అందుకు చేసేదేమీ లేదు. ఎండాక చర్మాన్ని బిగదీసి పొడిబారుస్తుంది, సున్నిత చర్మానికి అదో కొత్త తలనొప్పి.

ఇలా మారే ఈ కొద్దిరోజులూ చంకల వెంట్రుకలు కత్తిరించి పొట్టిగా ఉంచుకోండి, వాసన పట్టుకునే చోటు తగ్గుతుంది. సాయంత్రం ఒకసారి కడగండి. పాత క్రీము మీద కొత్త క్రీము రాయకండి, తడిగుడ్డతో తుడిచి ఆరాకే రాయండి.

కొసరుగా ఒక ముచ్చట. చంక వాసన ఎక్కువా తక్కువా అన్నది కొంతవరకు ఏబీసీసీ11 అనే జన్యువు మీద ఉంటుంది. అదే జన్యువు చెవి గులిమి పొడిగా ఉండాలా జిగటగా ఉండాలా అన్నదీ నిర్ణయిస్తుంది. గులిమి పొడిపొడిగా రాలేవాళ్ళకి చంక వాసన చాలా తక్కువ. తూర్పు ఆసియాలో అలాంటివాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: ఉతికిన చొక్కా వేసుకున్న అరగంటకే వాసన వస్తోంది. క్రీము పనిచేయడం లేదా?

జవాబు: క్రీము కాదు, చొక్కా. ఉతికి ఆరిన చొక్కా చంక భాగం మీద నోటితో వేడిగా ఊది వాసన చూడండి. తెలిసిపోతుంది. పాలిస్టర్ నూలుకంటే ఎక్కువగా చెమట కొవ్వును పట్టి ఉంచుతుంది. మన క్రీములోని నూనె దానికి తోడైతే డిటర్జెంట్ నీళ్ళు లోపలికి దిగవు.

ఉతికేముందు చొక్కా తిరగేసి, చంక భాగంలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి రుద్ది, 20 నిమిషాలు ఉంచి, బట్ట తట్టుకున్నంత వేడి నీళ్ళలో ఉతకండి. ఇంకా వాసన ఉంటే బకెట్ నీళ్ళలో గుప్పెడు వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టండి. చర్మం మీదనుంచి తరిమేసిన సోడాకు ఇక్కడ పని దొరికినట్టే. వాసన పూర్తిగా పోకుండా ఇస్త్రీ చేయకండి, ఆ వేడికి అది బట్టలో స్థిరపడిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. చంకల్లో వాసన మొదలైంది. ఈ క్రీము రాయొచ్చా?

జవాబు: ముందు రోజూ చంకలు కడగడం, బట్ట మార్చడం నేర్పండి. చాలామంది పిల్లలకు అంతటితో సరిపోతుంది. చాలకపోతే మెగ్నీషియం లేకుండా జింక్, పాలగుండతో చేసింది పలచగా రాయండి, పరీక్ష వారం మాత్రం తప్పించొద్దు. ఆడపిల్లలకు 8 ఏళ్ళు, మగపిల్లలకు 9 ఏళ్ళు నిండకముందే పెద్దవాళ్ళ వాసన, చంకల్లో వెంట్రుకలు వంటివి వస్తే పిల్లల వైద్యులకు చూపించాలి.

ప్రశ్న: దద్దు వచ్చింది. డియోడరెంట్ వల్లా, బట్టల వల్లా, లేక ఇంకేదైనానా? ఇంట్లో తెలుసుకునే దారి ఉందా?

జవాబు: కొంతవరకు ఉంది. అద్దం ముందు చేయి పైకెత్తి, ఎరుపు ఎక్కడుందో చూడండి. చంక గుంటలో, సరిగ్గా మీరు రాసిన మేరకే ఉంటే రాసినదాన్నే అనుమానించాలి. గుంట బాగానే ఉండి, చుట్టూ అంచుల్లో, చొక్కా కుట్టు తగిలేచోట ఎరుపుంటే బట్ట రంగో, దానికి పట్టించిన రసాయనమో కావచ్చు. గుంట మడతలో తడిసి ఎర్రగా పచ్చిగా ఉండి, చుట్టూ చిన్న ఎర్ర పొక్కులు చెదిరి ఉంటే ఈస్ట్ సోకి ఉండొచ్చు, దానికి క్రీము కాదు, మందు కావాలి. గోధుమరంగులో, సన్నటి పొట్టుతో, పెద్దగా దురద లేని మచ్చ నెలలుగా అలాగే ఉంటే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎరిత్రాస్మా కావచ్చు. చర్మవైద్యులు వుడ్స్ ల్యాంప్ అనే దీపం కింద చూస్తే అది పగడం రంగులో మెరుస్తుంది.

ఇంకో రెండు సంగతులు డియోడరెంట్‌కు సంబంధం లేకపోయినా చంకల్లోనే కనిపిస్తాయి. చర్మం మందంగా, ముఖమల్ గుడ్డలా నల్లబడితే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి అది గుర్తు కావచ్చు. ఎంత రుద్దినా పోదు, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. నొప్పితో గడ్డలు లేచి, పగిలి, తగ్గి, మళ్ళీ అక్కడే లేస్తుంటే హైడ్రడినైటిస్ కావచ్చు. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేది కాదది, సిగ్గుపడి దాచుకుంటే మచ్చలు, లోపల సొరంగాలు మిగులుతాయి.

వైద్యుల దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరు రాసిన డబ్బాను, అందులో ఏ సరుకు ఎన్ని గ్రాములు వేశారో రాసిన చీటీని వెంట తీసుకెళ్ళండి. ఏ పదార్థం పడటం లేదో చర్మం మీద అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేయాల్సి వస్తే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆ చీటీయే చెబుతుంది.